ఎనిమిదేళ్ళకు చావు పలకరింపు

జైల్లో నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా మా అమ్మ నాతో తమిళంలోనే మాట్లాడేది. పక్కన నిలబడే కాపలా మనిషికి మా మాటలు అర్థం కావాలి కదా, అందుకని. ఆయన చెడ్డవాడేం కాదు. మొదటిరోజు అమ్మ తెలుగులో మొదలుపెట్టగానే, నాకు తెలిసిన భాషలో మాట్లాడవ్వా, లేకపోతే పైవాళ్ళు నన్నడుగుతారు అన్నాడు, అంతే. అమ్మకు తమిళం రాక కాదు, మేం తరాలుగా తమిళనాడులోనే ఉన్నవాళ్ళం. కోవిల్‌పట్టి సంతలో మేకను బేరమాడాలన్నా, బస్సులో చోటడగాలన్నా ఆమెకు తమిళమే. కానీ ఆ భాషలో ఆమె నన్ను ఎన్నడూ తిట్టలేదు, ముద్దు చేయలేదు. అందుకని జాలీకి అవతల నిలబడి సంతలో మాట్లాడినట్టే మాట్లాడేది. తిన్నావా, ఒళ్ళు బాగుందా, ఈ ఏడూ వాన లేదు, నల్లమేక ఈనింది. ఇంతదూరం రెండు బస్సులు మారి వచ్చి ఇదా చెప్పేది అని నాకు లోపల్లోపల కోపం వచ్చేది. ఆమె మీద కాదు, ఎవరి మీదో తెలియని కోపం.

ఒక్కసారి మాత్రం ఆమె తెలుగులో మాట్లాడింది. నేను లోపలికి వెళ్ళిన మొదటి ఏడాది. కాపలా మనిషి అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతుంటే, జాలీకి మొహం ఆనించి, “సెల్లికి ఆడబిడ్డ పుట్టింది. సెవులు కుట్టేది నీ వొళ్ళోనే” అని గబగబా చెప్పేసింది. తర్వాత మళ్ళీ వాన, మేకలు.

మా వాళ్ళలో బిడ్డకు చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. తమిళులకూ అంతే, మాకూ అంతే. తండ్రి ఎంత గొప్పవాడైనా ఆ పూట పక్కన నిలబడి చూడాల్సిందే. నాకున్నది ఒక్క చెల్లెలు, దానికున్నది ఒక్క అన్న. కాబట్టి ఆ బిడ్డకు ఉన్నది ఒక్కటే ఒడి. ఎనిమిదేళ్ళు నేను ఆ మాట పట్టుకునే బతికాను. కొందరు దేవుణ్ణి పట్టుకుంటారు, కొందరు వకీలును. ఉదయం తలలు లెక్కపెట్టే వేళ వరసలో గొంతుక్కూర్చుని, బిడ్డ కూర్చుంటే ఎలా ఉంటుందో అని నా తొడల వైపు చూసుకునేవాణ్ణి.

ఇక నేను చేసింది చెప్పాలి. చెప్పకుండా సాగదీస్తే చదివేవాళ్ళు నన్ను అమాయకుణ్ణి అనుకుంటారు. మాది కోవిల్‌పట్టికి పడమటి వైపు ఊరు, నల్లరేగడి, వాన పడితే పంట. మా చేనికీ మా దాయాది చేనికీ మధ్య గట్టు మీద ఒక సర్కారుతుమ్మ చెట్టు ఉండేది. ముళ్ళు తప్ప ఇంకేమీ లేని చెట్టు. కొట్టి బొగ్గు కాలిస్తే నాలుగు బస్తాలు వస్తాయి. ఆ చెట్టు నాదంటే నాదని మేమిద్దరం నెల్లాళ్ళు వాదించుకున్నాం. వాడు నాకు వరసకు తమ్ముడు. ఒకే బడికి, ఒకే సైకిలు మీద వెళ్ళాం, వాడు ముందు, నేను వెనక. ఆ మధ్యాహ్నం మేం తాగి లేము. వాడొక మాట అన్నాడు, నేనొక మాట అన్నాను. నా చేతిలో కొడవలి ఉంది, వాడి చేతిలో లేదు. అంతే జరిగింది. ఇప్పటికీ ఆ చెట్టు అక్కడే ఉంది. మొదలంటా నరికినా మళ్ళీ మొలిచే జాతి అది.

ఈ రాత నాకు జైల్లోనే వచ్చింది. మాకు తెలుగు ఇంట్లో నోటికే గానీ చేతికి తెలియదు. బళ్ళో నేర్చింది తమిళ అక్షరాలు. ఆంధ్రా నుంచి లోడు తెచ్చి ఏదో కేసులో ఇరుక్కున్న ముసలి లారీ డ్రైవరు ఒకాయన మా బ్యారక్‌లో ఉండేవాడు. నేను మాట్లాడితే పగలబడి నవ్వేవాడు. మీది మా ముత్తవ్వ కాలం తెలుగురా, దానికి అరవం తిరగమోత పెట్టారు అనేవాడు. పాత క్యాలెండరు కాగితాల వెనక నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆరో ఏట అమ్మ పోయిందని కబురు వచ్చింది. అన్నీ అయిపోయాక వచ్చిన కబురు. ఆ రోజు సాయంత్రం ఆ ముసలాయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. నన్ను పలకరించడానికి వచ్చింది ఆయనొక్కడే.

మంచి నడతకు కొంత తగ్గించి ఎనిమిదేళ్ళకు వదిలారు. బయటికొస్తే ఏదో అవుతుందని లోపలివాళ్ళంతా అనుకుంటారు. ఏమీ అవదు. బస్సు ఎక్కాలి, టికెట్ తీసుకోవాలి, దిగాక ఎటు వెళ్ళాలో నువ్వే తేల్చుకోవాలి. ఎనిమిదేళ్ళు ఎవడో ఒకడు లెమ్మంటే లేచి, తినమంటే తిన్నవాడికి అది చాలా అలసట. ఊళ్ళో మా ఇంటి కప్పు ఒక మూల కూలిపోయి ఉంది. మా దాయాది ఇంటికి తాళం వేసి ఉంది. వాళ్ళ అమ్మానాన్నా ఇద్దరూ పోయారు. ఊరివాళ్ళు నన్ను తిట్టలేదు, కొట్టలేదు. నేను టీకొట్టు బెంచీ మీద కూర్చుంటే పక్కవాడికి ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేవాడు. అలా నాలుగు రోజులు చూసి, ఐదో రోజు కోవిల్‌పట్టి వెళ్ళిపోయాను.

ముందు ఒక అగ్గిపెట్టెల కంపెనీలో అడిగాను. ఇన్నాళ్ళు ఎక్కడున్నావని అడిగారు. తిరుప్పూరు అన్నాను. మా వైపు కనబడకుండా పోయినవాడు ఎవడైనా తిరుప్పూరులో బనియన్లు కుడుతూనే ఉంటాడు. అప్పులకు పారిపోయినవాడు, పెళ్ళాన్ని వదిలేసినవాడు, నేను, అందరం అక్కడే. ఆ మేనేజరు నవ్వి, తిరుప్పూరులో ఏ కంపెనీ అన్నాడు. నాకు ఒక్క పేరూ తట్టలేదు. చివరికి వేరుశనగ మిఠాయి చేసేచోట పని దొరికింది. పెద్ద బాణలిలో బెల్లం పాకం కాగుతుంటే కలపడం నా పని. నిప్పు దగ్గర నిలబడటానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి ఓనరు ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. ఎన్నికలప్పుడు స్టేషన్ నుంచి ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చి సంతకం పెట్టించుకుని వెళ్ళాక ఆయనకు సంగతి తెలిసింది. మాన్పిస్తాడనుకున్నాను. మాన్పించలేదు. మిఠాయి ముక్కలు కోసే కత్తులుండే బల్ల వైపు మాత్రం నన్ను వెళ్ళనివ్వలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మ అనేది. నేను కడుగుతూనే ఉన్నాను, నీళ్ళే చాలడం లేదు.

చెల్లెలు విరుదునగర్‌లో ఉంటుంది. దాని మొగుడు పప్పుల మిల్లులో పనిచేస్తాడు. నేను బయటికొచ్చిన ఆరు నెలలకు గానీ అది నన్ను చూడ్డానికి రాలేదు. మిఠాయి షెడ్డు బయట వేపచెట్టు కింద ఇద్దరం నిలబడ్డాం. అది చిక్కిపోయి ఉంది. నేను కూడా అంతే అని దాని మొహం చూస్తే తెలిసింది. ఏడ్పులూ అవీ లేవు, మాకు అంత ఓపిక మిగల్లేదు. అది అసలు విషయానికి వచ్చేసింది.

“బిడ్డకి తొమ్మిది నడస్తా ఉండాదన్నా,” అంది. “ఇంగ ఆపేకి కాదు.”

బేసి ఏడులోనే చెవులు కుట్టాలి మాకు. మూడులో కుట్టమన్నారట అత్తగారివాళ్ళు, మా అన్న రావాలంది. ఐదులో అన్నారు, మా అన్న రావాలంది. ఏడులో వేరే దాయాది ఎవరినైనా మామ స్థానంలో కూర్చోబెడదామన్నారు. చెల్లెలు రెండు రోజులు అన్నం మానేసిందట. బళ్ళో పిల్లలు బోడి చెవులని ఎగతాళి చేస్తారట పాపను. మా మామ తిరుప్పూరు నుంచి వచ్చాకే కుడతారని చెప్పేదట పాప. నాకు నవ్వొచ్చింది.

అయితే చెల్లెలి మొగుడు ఒక మాట పెట్టాడు. చనిపోయిన మా దాయాది సొంత అక్కను ఇచ్చింది కూడా చెల్లెలి మొగుడి వంశంలోనే, ఆ వీధిలోనే. చెల్లెలి ఇంటికి నాలుగిళ్ళ అవతల ఆమె కాపురం. నేను చంపినవాడి అక్కా, నా చెల్లెలూ ఎనిమిదేళ్ళుగా ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్నారు. ఇది నాకు తెలియనిది కాదు, కానీ లోపల ఉన్నన్నాళ్ళూ నా కష్టం తప్ప ఇంకొకరి కష్టం నాకు కనబడలేదు. ఆమె రాకుండా ఆ వంశంలో శుభకార్యం జరగదు. నేను కూర్చుంటే ఆమె వస్తుందా?

“ఆయమ్మ సరి అంటేనే నువ్వు కూసునేది,” అంది చెల్లెలు. “లేకుంటే ఇంగొగురు.”

నేను అడుగుతానన్నాను. వెళ్ళి ఎలా అడగాలో అది చెప్పలేదు, నేను అడగలేదు. పెద్ద తప్పు అక్కడే జరిగింది.

ఆ ఆదివారం గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని విరుదునగర్ వెళ్ళాను. బస్టాండులో డజను అరటిపళ్ళు, ఆకూవక్కా, పూలు కొన్నాను. ఎవరింటికైనా అడగడానికి వెళ్ళేటప్పుడు చేతులూపుకుంటూ వెళ్ళకూడదని అమ్మ నేర్పింది. ఆ అక్క తన ఇంటి ముందు అరుగు మీద గోనెపట్టా పరుచుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఆ వీధి ఆడవాళ్ళలో సగం మందికి అదే పని. గోడౌన్‌ నుంచి బస్తాలు వస్తాయి, తొడిమలు తీసి పంపుతారు. దూరం నుంచే దగ్గు వచ్చింది నాకు. ఆమె తలెత్తి చూసింది. ఆమెకు నాకంటే నాలుగేళ్ళు ఎక్కువ. చిన్నప్పుడు నా ముక్కూ వాడి ముక్కూ తుడిచింది ఆమే. పోల్చుకుంది. మొహంలో ఏమీ మారలేదు. చూపు మాత్రం నా చేతిలో సంచీ మీదికి దిగింది. అరటిపళ్ళ మీద పెట్టిన మల్లెపూలు పైకి కనబడుతున్నాయి.

“నువ్వు ఇంగా తుట్టి అడగలేదు కదరా,” అంది మెల్లగా. “అంతలో పూలు తెస్తివా.”

తుట్టి అంటే మా వైపు చావు పలకరింపు. ఒక ఇంట్లో చావు జరిగితే అయినవాళ్ళు వెళ్ళి పలకరించాలి. ఊళ్ళో లేకపోతే ఎప్పుడు తిరిగొస్తే అప్పుడు, ఏళ్ళు గడిచినా సరే, ముందు వెళ్ళి అది అడగాలి. సింగపూర్‌లో పదేళ్ళుండి వచ్చినవాడైనా ఇంటికి పెట్టె దించి ముందు ఆ గడపకే వెళ్తాడు. ఉత్త చేతులతో వెళ్ళాలి. అది అడిగేదాకా ఆ ఇంటికి పండూ పువ్వూ తీసుకెళ్ళకూడదు, ఏ శుభకార్యంలోనూ వాళ్ళ పక్కన నిలబడకూడదు. మా వాళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నాకు తెలియదా? తెలుసు. కానీ అది నాకు కూడా వర్తిస్తుందని ఎనిమిదేళ్ళలో ఒక్కరోజూ తోచలేదు. చావుకు కారణమైనవాడు పలకరింపుకు ఎలా వెళ్తాడు? శిక్ష పడింది, అనుభవించాను, అయిపోయిందనుకున్నాను. కోర్టుకు ఇవ్వాల్సింది ఇచ్చాను. ఈ గడపకు ఇవ్వాల్సింది ఇవ్వలేదు.

అక్కా అనబోయాను. ఆమె తల దించుకుని మళ్ళీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి వచ్చేశాను. బస్టాండులో కూర్చుని ఆ అరటిపళ్ళు నేనే తిన్నాను. ఆకలీ వేసింది, సిగ్గూ వేసింది, రెండూ ఒకేసారి.

తర్వాతి వారమంతా పాకం కలుపుతూ అదే ఆలోచన. వెళ్ళకుండా ఉండొచ్చు. ఎవరినో ఒకరిని కూర్చోబెట్టుకుంటారు, పాప చెవులకు కమ్మలు వస్తాయి, నేను తిరుప్పూరులోనే ఉండిపోవచ్చు. నిజం చెప్తున్నాను, ఆ మాటకు ఎంతో హాయిగా అనిపించింది. అలసినవాడికి ఓడిపోవడం కూడా ఒక మంచంలాగే కనబడుతుంది. కానీ నిద్రలో అమ్మ జాలీకి మొహం ఆనించి చెప్పిన ఆ ఒక్క తెలుగు మాట వినబడేది.

మళ్ళీ ఆదివారం గడ్డం గీసుకోలేదు. ఉత్త చేతులతో వెళ్ళాను. పలకరింపుకు వెళ్ళినవాడు వచ్చాను అనడు, బాగున్నారా అనడు. మౌనంగా గడప ముందు నిలబడి రెండు చేతులూ ముందుకు చాస్తాడు. ఇంటివాళ్ళు ఆ చేతులు ముట్టుకుంటారు. ముట్టుకుంటే పలకరింపు అందినట్టు. అంతే, ఇంతకుమించి ఏమీ లేదు.

ఆమె అరుగు మీదే ఉంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా తొడిమలు తీస్తున్నారు. నన్ను చూసి లేచి లోపలికి పోయారు. నేను తువ్వాలు భుజం మీద నుంచి తీసి నడుముకు కట్టుకుని చేతులు చాచాను. ఏ చేతులు చాచానో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె చూస్తూ కూర్చుంది. ఎంతసేపో చెప్పలేను. వీధిలో ఒక స్కూటర్ వెళ్ళింది, కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతున్న చప్పుడు వినిపించింది. ఎవరూ వెళ్ళి కుళాయి కట్టేయలేదు. భుజాలు నొప్పి పుట్టాయి. దించేద్దామనిపించింది. దించితే ఇంక ఈ జన్మలో ఎత్తలేనని కూడా తెలుసు.

అప్పుడు ఆమె ఏడవడం మొదలుపెట్టింది. చావింట్లో ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారే, ఆ ఏడుపు. వాడు సైకిలు తొక్కడం నేర్చుకుని మోకాలు చీరుకున్న సంగతి, వాడికి పెసరట్టు మీద ఉన్న పిచ్చి, వాడికి చూసిన పెళ్ళిసంబంధం, అన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుని ఏడ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అందులో నేను లేనే లేను. చేతులకు మిరపకారం ఉండటం వల్ల మొహం తుడుచుకోలేక, మోచేతులతో కళ్ళు ఒత్తుకుంటూ ఏడ్చింది. ఆ ఏడుపంతా ఎనిమిదేళ్ళ కిందట ఏడ్చిందే అయ్యుండాలి. కానీ అప్పుడు వినాల్సినవాణ్ణి నేను అక్కడ లేను. నేనూ ఏడ్చాను. వాడి కోసం నేను ఏడవడం అదే మొదటిసారి. అంతకుముందు ఏడ్చిందంతా నా కోసమే.

చివరకు లేచి వచ్చి నా రెండు చేతులనూ ముట్టుకుంది. పట్టుకోలేదు, ముట్టుకుంది. ఆ కారం నా అరచేతుల్లో సాయంత్రం దాకా మండింది.

తర్వాత అరుగు అంచున కూర్చుని, ఎటో చూస్తూ చెప్పింది. ఆమెకు ఒక కూతురు. వాడు పోయేనాటికి దానికి మూడో ఏడు. నెలలో చెవులు కుట్టించాలని ముహూర్తం కూడా పెట్టుకున్నారట. వాడు చిన్న ఎర్ర గౌను కొని దాచాడట. తర్వాత దాయాదులు మామగా కూర్చునేది నేనంటే నేనని ముందుకు వచ్చారట.

“ఎవురొళ్ళోనూ వద్దంటి,” అంది. “పీట మీద పెట్టి కుట్టిస్తిమి.”

ఆ మాట విన్నాక నేను వచ్చిన పని అడగలేదు. అడిగే నోరు నాకు లేదు. చావు పలకరించినవాడు పోయొస్తానని చెప్పకూడదు, చెప్పకుండా లేచి నడవాలి. అలాగే నడిచాను. చెల్లెలి ఇంటికి వెళ్ళి, ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోమని చెప్పాను. అది నా వైపు చూసి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

పది రోజులకు చెల్లెలి మొగుడు తానే మిఠాయి షెడ్డుకు వచ్చాడు, తాంబూలం పళ్ళెంతో. ఓనరు బాణలి పక్కన నిలబడి వింతగా చూశాడు. ఆ అక్కే చెల్లెలి ఇంటికి వెళ్ళి, మామను పిలవకుండా చెవులు కుట్టడం ఏం పద్ధతి అని అడిగిందట.

చెల్లెలి అత్తగారివాళ్ళ ఇలవేల్పు గుడి కారియాపట్టి అవతల చేల మధ్య ఉంది. ఉదయాన్నే వెళ్ళాం. పాపను నేను దగ్గరగా చూడటం అదే మొదటిసారి. పట్టుపావడా కట్టుకుని, బోడి చెవులకు చందనం పూసుకుని నిలబడి ఉంది. తిరుప్పూరు నించి నాకేమి తెచ్చినావు మామా అని అడిగింది. ఏమీ తేలేదని చెప్పాను. సరే అంది, పెద్దగా నిరాశ పడినట్టు లేదు. చెవులు కుట్టే కంసాలి ఆచారి సూది తుడుచుకుంటూ, మామ ఎక్కడయ్యా, మామ వచ్చి కూర్చోవాలి అన్నాడు తమిళంలో. అందరూ ఆ అక్క వైపు చూశారు. ఆమె పక్కన ఆమె కూతురు ఉంది, పన్నెండేళ్ళది. దాని చెవులకు చిన్న బంగారు పూలు.

ఆమె వంగి, తను తెచ్చుకున్న సంచిలో నుంచి ఒక పీట తీసింది. పాత టేకు పీట, ఒక కాలి దగ్గర పగులు. గుడి ముందు ఎర్రమట్టిలో దాన్ని తనే సర్ది పెట్టింది. ఏ పీటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“దీని మీద కూసో,” అంది. “బిడ్డ ఎంత బరువో నీకి తెలియాల.”

కూర్చున్నాను. పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టారు. పెద్ద బరువేం లేదు, తొమ్మిదేళ్ళ పిల్ల. నూనె రాసిన జడ, చందనం వాసన. వెచ్చగా, కదులుతూ, వీపు నా ఛాతీకి ఆనించి కూర్చుంది. ఎనిమిదేళ్ళు నేను ఊహించుకున్నది ఇదే. వాడికి ఈ బరువు ఒక్కసారీ దక్కలేదు. ఎర్ర గౌను మాత్రం కొన్నాడు. సూది దిగగానే పాప నా కుడి ముంజేతిని గోళ్ళు దిగేలా పట్టుకుంది. రెండో చెవికి కూడా అదే చేతిని పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

పాప లేచి వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తింది. చాప పరుస్తున్నారు, భోజనాలకు పిలుస్తున్నారు. ఆమె పీట తీసుకుపోవడానికి వచ్చి నా ముందు నిలబడింది. నేను ఇంకా దాని మీదే కూర్చుని, పాప గోళ్ళు దిగిన ముంజేతిని చూసుకుంటున్నాను. ఆమె తొందరపెట్టలేదు. నేను లేచేదాకా అలాగే నిలబడి ఉంది.